తలుపు పక్క బల్ల, నల్ల షోర్వా

మీదెక్కడ అని అడిగినవాళ్ళకి ఊరి పేరొక్కటే చెబితే సరిపోదని నాకు బహ్రెయిన్‌లో తెలిసొచ్చింది. కరీంనగర్ అంటే అదెక్కడ అనేవాళ్ళు. హైదరాబాద్ అవతల అంటే, ఓహో ఆంధ్రానా అనేవాళ్ళు. కాదు, తెలంగాణ అంటే, రెండూ ఒకటే కదా అనేవాళ్ళు. ఆ ఆఖరి మాట దగ్గర నాకు ఒళ్ళు మండేది. మండి చేసేదేముంది, మళ్ళీ ఆవిరి ఇస్త్రీ మిషను వైపు తిరిగి దుప్పట్లు అందుకునేవాణ్ణి. మా ఊళ్ళో వాళ్ళేమో నేను పోయింది దుబాయికే అని ఇప్పటికీ అంటారు. బహ్రెయిన్ వేరే దేశమే అని ఎన్నిసార్లు చెప్పినా మా అమ్మ, "ఏదైతేంది, దుబాయే గద" అనేది. ఆ లెక్కన పేర్ల విషయంలో ఇంకొకరి మీద కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు. అయినా వచ్చేది.

నేను పనిచేసింది జుఫైర్‌లో ఒక హోటల్ లాండ్రీలో. దానికి ఆనుకుని లినెన్ రూం. అక్కడ చిరిగిన దుప్పట్లూ, గుండీలు ఊడిన వెయిటర్ల కోట్లూ బాగుచేస్తూ ఒకామె ఉండేది. నాకంటే బాగా పెద్దది. తలకి గుడ్డ చుట్టుకునేది, మెడలో టేపు వేలాడుతూ ఉండేది. ఆమె పాస్‌పోర్టు ఫిలిప్పీన్స్‌ది. హోటల్లో సగం మంది ఆ దేశం వాళ్ళే. వాళ్ళలో పెద్దవాళ్ళని ఆడవాళ్ళయితే 'ఆతె' అని పిలుస్తారు, అక్క అని అర్థం. నేనూ మొదటిరోజు అలాగే పిలిచాను. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే జవాబిచ్చింది.

"అది మనీలా వాళ్ళ మాట. మా దీవిలో అలా అనం. మీ భాషలో ఏమంటారో అదే అను."

అప్పట్నుంచి అక్క అన్నాను. మేము మాట్లాడుకున్నదంతా హోటల్ ఇంగ్లీషు, మధ్యమధ్య హిందీ. ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

ఆమెది సులు. ఆ దేశపు పటంలో అట్టడుగున, బోర్నియో వైపు చల్లిన నూకల్లా కనిపించే దీవులు. స్పెయిన్ వాళ్ళు ఆ దేశాన్ని మూడు వందల ఏళ్ళకు పైగా ఏలారని హోటల్లో అందరూ చెప్పేవాళ్ళు. ఆ మాట వినబడితే చాలు, అక్క మిషను ఆపేసేది.

"మమ్మల్ని ఏలలేదు. మాకు సుల్తాను ఉండేవాడు. ఎన్నోసార్లు ఓడల్లో వచ్చారు, పోయారు. చివరికెప్పుడో మా పట్నం పట్టుకుని చుట్టూ గోడ కట్టుకున్నారు. గోడ లోపల ఊరు వాళ్ళది. గోడ బయట దేశం మాది. పోయేటప్పుడు మాత్రం పటం మొత్తం అమెరికా వాళ్ళ చేతిలో పెట్టి పోయారు. మమ్మల్ని అడిగినవాళ్ళు లేరు."

ఆ తర్వాత అమెరికా వాళ్ళు కూడా పోతూ ఆ పటాన్ని మనీలా చేతిలో పెట్టారు. ఆమె పెళ్ళి కాకముందు, డెబ్బైల్లో, వేరే దేశం కావాలన్నవాళ్ళకీ సైన్యానికీ మధ్య యుద్ధం జరిగి వాళ్ళ పట్నం కాలిపోయింది. వాళ్ళిల్లు కూడా. పడవెక్కి పారిపోయారు. ఇదంతా ఆమె కోటుకి గుండీ కుడుతూ, బజారుకి వెళ్ళొచ్చిన సంగతి చెప్పినట్టు చెప్పేది. వేరే దేశం నీకు కావాలా అక్కా అని ఒకసారి అడిగాను. దారం పళ్ళతో కొరికింది.

"మా తమ్ముడు కావాలంటాడు. నాకు అంత తెలీదు. ఇప్పుడు ఒప్పందం కుదిరింది, ఇక మీ గొడవ ఖలాస్ అంటున్నారు. అయితే కానీ. మేమున్నామని ఒక్కరైనా నోరు తెరిచి చెబితే బాగుండని మాత్రం ఉంది."

నాకు ఆ మాట ఎక్కడో తగిలింది. మహూజ్‌లో హోటల్ వాళ్ళ స్టాఫ్ బిల్డింగులో మా రూంలో తెలుగువాళ్ళమే ఉండేవాళ్ళం, నేను తప్ప అందరూ గోదావరి వైపు వాళ్ళు. నేను నోరు తెరిస్తే నవ్వేవాళ్ళు. నవ్వు కూడా చెడ్డ నవ్వు కాదు, ముద్దుగా నవ్వేవాళ్ళు, అదింకా కష్టం. నా పక్క మంచం మీద ఉండే అన్న హోటల్ వంటింట్లో గిన్నెలు తోమేవాడు. రూం మొత్తానికీ పెద్దదిక్కు ఆయనే. ఒకరోజు మాటల్లో, అరవై తొమ్మిదిల మా చిన్నాయన జైలుకు పోయిండన్నా అన్నాను.

"అయ్యో, ఏం చేశాడేంట్రా?" అన్నాడు.

నిజంగా జాలితోనే అడిగాడు. మా చిన్నాయన ఏదో దొంగతనం చేసుంటాడనుకున్నాడు పాపం. తెలంగాణ వేరే రాష్ట్రం కావాలని ఆ ఏడు పిల్లలు బడులు మానేసి రోడ్ల మీదికొచ్చారనీ, కాల్పుల్లో చచ్చిపోయారనీ చెప్పాను. రూంలో అందరూ మర్యాదగా విన్నారు. ఒకాయన, "మా పుస్తకాల్లో ఎక్కడా లేదే అది" అన్నాడు. ఇంకొకాయన టీవీ పెట్టాడు. అన్న నాకు టీ పోసిచ్చి, పోన్లేరా, ఇప్పుడందరం కలిసే ఉన్నాం కదా అన్నాడు. మంచివాళ్ళతో పోట్లాడలేం. చెడ్డవాళ్ళయితే ఎంత సుఖమో అని ఆ రోజంతా గొణుక్కున్నాను.

ఇక తొంభై ఎనిమిది జూను సంగతి. స్పెయిన్ నుంచి మాకు స్వతంత్రం అని ఫిలిప్పీన్స్ వాళ్ళు చాటుకున్నాక వందేళ్ళు నిండుతున్నాయి. హోటలంతా కాగితపు జెండాలు. స్టాఫ్ క్యాంటీన్లో సాయంత్రం పెద్ద విందు, ప్రాంతానికొక బల్ల, బల్లకొక వంట, వంట ముందు ప్రాంతం పేరు రాసిన అట్ట. మా బార్‌లో పాడే బ్యాండు సింగరు మైకు పట్టుకుని బల్ల బల్లకీ తిరిగి చెబుతాడట. ఏర్పాట్లన్నీ ఫ్రంట్ ఆఫీసు సూపర్‌వైజరువి, మనీలా ఆవిడ. ఆవిడ అక్క దగ్గరికి ఒక మెరుపుల గౌను తెచ్చింది. ప్రతి ఏడూ తెస్తుందట. వెదురు బొంగుల మధ్య అడుగులేస్తూ రాకుమారి ఆడే నాట్యం ఒకటుంది, దక్షిణాది ముస్లింలది అని పేరు. అది అక్క ఆడాలి.

"ఇది మా దీవి ఆట కూడా కాదు, మా పక్కవాళ్ళది" అని అక్క నాతో అంది. నన్ను పట్టుకుని కూచిపూడి ఆడమన్నట్టుంది. ప్రతి ఏడూ ఆడింది మరి. ఈసారి ఆడనంది. ఆ నెలాఖరుకి ఆమె వీసా అయిపోతోంది, వీసాకి పూచీ ఉండే కఫీల్ పొడిగించనన్నాడు, ఇక మళ్ళీ రాదు. పోయేలోగా ఒక్కసారి తన దీవి పేరు తన దీవి వంట ముందు ఉండాలంది. అంతే అడిగింది.

సూపర్‌వైజరు గౌను మడత పెట్టి నిట్టూర్చింది. "దక్షిణం మొత్తానికీ ఒక బల్ల వేశాం కదా, మిండనావో అని. అందులోనే నీ వంట కూడా పెట్టుకో. వందేళ్ళకొకసారి వచ్చే రోజు. ఈ ఒక్కరోజైనా అందరం ఒకటే అనుకుందాం."

"రోజూ అదే అనుకుంటున్నాం" అంది అక్క. "మాది మిండనావో కాదు. దాని అవతల. సముద్రం దాటాలి."

ఇద్దరూ వాళ్ళ భాషలో చాలాసేపు వాదించుకున్నారు. నేను ఇస్త్రీ చేసిన దుప్పటే మళ్ళీ చేస్తూ నిలబడ్డాను. చివరికి సూపర్‌వైజరు సరేనంది. వరసలో చోటు లేదు కాబట్టి గిన్నెలు తోమే గది తలుపు పక్కన చిన్న బల్ల ఇస్తానంది. సులు అని అట్ట మీద రాయించి మర్నాడే పంపింది. అక్క ఆ అట్టని లినెన్ రూంలో దారపు ఉండల అల్మారా మీద నిలబెట్టి, రెండు రోజులు దాన్ని చూసుకుంటూ పనిచేసింది. ఆమె అంత ఉత్సాహంగా ఉండగా నేనెప్పుడూ చూళ్ళేదు.

ఆమె చేస్తానన్నది నల్ల షోర్వా. వాళ్ళ దీవుల్లో పెళ్ళికీ, పండక్కీ, దూరం నుంచి మనిషొచ్చినప్పుడూ అదే వండుతారట. అసలైతే ఎద్దు మాంసంతో చేస్తారు. మీ రూం వాళ్ళు తినరు కదా, మేకతో చేస్తాను అంది. దానికి కొబ్బరి కాల్చాలి. మనం దోరగా వేయించినట్టు కాదు, బొగ్గయ్యేదాకా కాల్చాలి. విందుకి ముందురోజు మధ్యాహ్నం డ్యూటీ దిగాక లాండ్రీ వెనక పెరట్లో పాత ఇనప జల్లెడ మీద కొబ్బరి ముక్కలు పేర్చి, కింద నిప్పులు పోసింది. జూను ఎండ, చొక్కా ఒంటికి అంటుకుపోయే ఉక్క, దానికి తోడు ఆ సెగ. పొగ చూసి సెక్యూరిటీ భాయ్ పరిగెత్తుకొచ్చాడు. అతన్ని బతిమాలి పంపడం నా పని. ముక్కలు ఎర్రబడ్డాయి, గోధుమరంగుకి తిరిగాయి, చాలక్కా తియ్ అన్నాను. ఇంకా ఇంకా అంది. చివరికి కర్రబొగ్గుకీ వాటికీ తేడా లేకుండా అయ్యాక తీసి, నూరి, పసుపూ అల్లమూ మిరియాలూ కలిపి ముద్ద చేసింది. వేలితో కొంచెం నా నాలుక మీద పెట్టింది. చేదుగా ఉంటుందనుకున్నాను. లేదు. పొగా, నూనె, ఆఖర్న ఎక్కడో కొబ్బరి. మా ఇంట్లో పల్లీలు ఒక్క క్షణం ఎక్కువ వేగితే వచ్చే రుచికి దగ్గరగా ఉంది, అదీ కాదు. ఎట్లుంది అని కళ్ళతోనే అడిగింది. బాగుందన్నాను, నిజంగానే.

మర్నాడు శుక్రవారం. గల్ఫులో పనిచేసినవాళ్ళకి శుక్రవారం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. వారమంతా క్యాంటీన్ పప్పు తిన్న నాలుక ఆ ఒక్క పూట కోసం కాచుక్కూచుంటుంది. మా రూంకి శుక్రవారం మటన్ కూర అన్నే వండేవాడు. క్యాంటీన్ వెనక పొయ్యి మీద, క్యాంటీన్ వంటవాడి అనుమతితో వండి, డబ్బాలో పెట్టి మహూజ్ తెచ్చేవాడు. ఆ శుక్రవారం అదే పొయ్యి పక్కన అక్క కూడా తన షోర్వా పెట్టుకుంది. మధ్యాహ్నం వండేసి, మూత పెట్టి, సన్న సెగ మీద వదిలి, ముఖం కడుక్కుని నమాజు చేసుకుని బట్టలు మార్చుకోవడానికి లినెన్ రూంకి వచ్చింది. ఎన్నడూ లేనిది కళ్ళకి కాటుక పెట్టుకుంది. బల్ల మీద పరవడానికి వాళ్ళ దీవిలో నేసిన ఎర్ర గళ్ళ గుడ్డ పెట్టె అడుగు నుంచి తీసింది. నేను డ్యూటీలో ఉన్నాను. వారాంతం కదా, దుప్పట్ల గుట్ట నా భుజం దాకా ఉంది.

సాయంత్రం క్యాంటీన్‌కి ఆమెతో పాటు వెళ్ళాను. తలుపు పక్క బల్ల మీద గిన్నె అప్పటికే ఉంది. ముందు అట్ట నిలబెట్టి ఉంది. అక్క గుడ్డ పరుద్దామని గిన్నె ఎత్తబోయి, మూత తీసి చూసింది. లోపల ఎర్రటి మటన్ కూర. పైన తేలిన నూనె, కొత్తిమీర, గసగసాల వాసన. ఆ వాసన నాకు బాగా తెలుసు. వారం వారం మా రూంలో తినేదే.

గిన్నెల గది తలుపులోంచి అన్న తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. నన్ను పక్కకి లాగాడు.

"సమయానికి చూశాను రా తమ్ముడూ. మొత్తం మాడ్చేసింది ఆవిడ. మూత తీద్దును కదా, మసి, బొగ్గు. నమాజులో పడి పొయ్యి సంగతి మర్చిపోయుంటుంది పాపం. పెద్ద సారు వచ్చి చూస్తే ఆవిడ పరువేం కావాలి? అందుకే పారబోసి, గిన్నె తళతళా తోమి, మన కూర పోసేశాను. అదీ మేకే, ఇదీ మేకే. మనోళ్ళు ఇవాళ్టికి పప్పు తింటార్లే. ఆవిడతో అనకు, సిగ్గుపడుతుంది."

"అన్నా, అది మాడలే" అన్నాను. "గది గట్లనే నల్లగుంటది. గదే దాని వంట."

"నల్లగా ఉంటుందా? కూరా?" అన్నాడు. నమ్మలేదు. తర్వాత నా ముఖం చూసి నమ్మాడు. ఆయన చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. "మన ఇళ్ళల్లో అలా అయితే కుక్క కూడా ముట్టదు కదరా. నేనెలా అనుకోను?"

అదీ నిజమే. మాడు వాసన వచ్చిన కూర చుట్టానికి పెట్టే ఇల్లు తెలుగుదేశంలో ఎక్కడా లేదు, గోదావరి ఒడ్డునైనా, మా వైపైనా. తన కూర, మా ఆరుగురి వారం కూర, ఎవరికీ చెప్పుకోకుండా ఇచ్చేశాడు మనిషి. ఆయన్ని తిట్టడం నా వల్ల కాలేదు. ఆ మంట తీర్చుకునే చోటు నాకు ఇప్పటికీ దొరకలేదు.

అక్కకి చెప్పాను. అనొద్దన్నా చెప్పాను. ఆమె విని అన్న వైపు చూసింది. అన్న రెండు చేతులూ జోడించాడు. ఆమె తల ఊపింది, అంతే. మళ్ళీ వండడానికి కొబ్బరీ లేదు, టైమూ లేదు. ఇంతలో జనం పళ్ళాలు పట్టుకుని వచ్చేశారు. నిజం చెప్పేద్దాం అన్నాను.

"ఏమని? మసి అనుకుని పారేశారనా? నవ్వుతారు. నేనే మాడ్చి కథ చెబుతున్నానని అంటారు" అంది.

జనరల్ మేనేజరు వచ్చాడు. కూర వేయించుకున్నాడు. రెండోసారి వేయించుకున్నాడు. అట్ట చదివి, "సులు వంట ఇంత బాగుంటుందని తెలీదు. అచ్చం ఇండియన్ కూరలా ఉందే" అన్నాడు. వెనకున్న సూపర్‌వైజరు మెచ్చుకోలుగా అక్క భుజం తట్టింది. "చూశావా, ఇప్పుడు నీ దీవి అందరికీ తెలిసింది" అంది. ఆవిడ కూడా మంచి మనసుతోనే అంది. అక్క పెదవులు బిగపట్టి నవ్వింది. వాళ్ళు కదలగానే అట్ట చేతిలోకి తీసుకుని నా వైపు చెయ్యి చాపింది.

"నీ పెన్ను ఇవ్వు."

లాండ్రీలో గెస్టుల బట్టల మీద రూం నంబరు వేసే పెన్ను నా జేబులో ఎప్పుడూ ఉండేది. ఉతికినా పోని సిరా. ఇచ్చాను. ఆమె అట్టని వెనక్కి తిప్పింది.

"ఈ కూర ఎక్కడిది?"

"మా రూందే అక్కా."

"అది కాదు. ఏ ప్రాంతం వంట? వేరేవాళ్ళ కూర మీద నా పేరు వద్దు."

ఇన్నేళ్ళూ ఎవరైనా ఆ పేరు నాకు తగిలిస్తే చిరాకు పడినవాణ్ణి. నా నోటితో నేనే చెప్పాల్సి వచ్చింది. "ఆంధ్ర" అన్నాను.

"నీదేనా?"

"కాదు. మా పక్కవాళ్ళది."

ఆమె నన్ను ఒక్కసారి చూసి, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో ఆంధ్ర అని రాసి, అట్టని గిన్నె ముందు నిలబెట్టింది. ఎర్ర గళ్ళ గుడ్డని మడిచి చంకలో పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. అంత పోట్లాడి తెచ్చుకున్న పేరు, అరగంట కూడా నిలవలేదు.

అప్పుడు మైకు మా వైపు వచ్చింది. బ్యాండు సింగరు మంచి హుషారులో ఉన్నాడు. ఒక్కో బల్ల దగ్గరా ఆగి, అట్ట చదివి, ఆ ప్రాంతాన్ని నాలుగు మాటలు పొగిడి, చప్పట్లు కొట్టిస్తున్నాడు. వేల దీవుల దేశం, అన్ని పేర్లూ ఎవరికి తెలుస్తాయి. మా బల్ల దగ్గర వంగి అట్ట చూశాడు. ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"ఇప్పుడు మన దేశపు దక్షిణ చివర నుంచి, మనలో చాలామంది మర్చిపోయిన ఒక చిన్న అందమైన దీవి వంట. ఆంధ్ర!"

క్యాంటీనంతా చప్పట్లు కొట్టింది. మనీలా వాళ్ళు, సెబూ వాళ్ళు, మేనేజర్లు, అందరూ. ఎవరో ఈల కూడా వేశారు. గిన్నెల గది గుమ్మంలో అన్న తడి చేతులతోనే చప్పట్లు కొడుతున్నాడు, సబ్బు నురగ చెదురుతోంది. ఇంగ్లీషు ఆయనకి పెద్దగా రాదు, ఆ ఒక్క మాటే అందింది.

"విన్నావా తమ్ముడూ, మైకులో మన పేరు చెప్పారు" అన్నాడు.

అక్క నన్ను అడిగింది, ఏమంటున్నాడని. తన పేరు చెప్పారని సంతోషపడుతున్నాడు అన్నాను.

"పడనీ" అంది. "పేరు చెబితే అలాగే ఉంటుంది."

పళ్ళెం పట్టుకుని ఇంకొకరు వచ్చి నిలబడ్డారు. ఆమె గరిటె అందుకుని కూర వడ్డించింది.